కొలిచెడు యంత్రమును ముందుగా మనము కొలువవలెను

వేరుసెనగ అమ్ముటకు మార్కెట్టు యార్డునకు పోయిన రైతు, బస్తా కాంటా నెక్కకమునుపే, కాంటా సున్న చూపుచున్నదా లేదా యని వంగి చూచును. అనుమానము కలిగెనేని ముద్రగల పడికట్టు రాయి నొకదానిని పెట్టి చూపుమని యడుగును. ఇందు అడిగినవాడు సిగ్గుపడవలసినది లేదు. అడిగించుకొన్నవాడు కోపపడవలసినదియు లేదు. కాంటా అబద్ధమాడునని కాదు, అది తనకు నేర్పినదానినే చెప్పునని రైతుకు తెలియును. నేర్పినది తప్పైనచో కాంటా ఆ తప్పునే ప్రతిబస్తాకును తప్పకుండ చెప్పుచుండును.

ఇప్పుడు మన పొలములవైపు మరియొక విధమైన కాంటా వచ్చుచున్నది. అది బరువును గాక దూరమును తూచును. కలుపు తీయుటకును, మందు చల్లుటకును, తనంతట తాను సాళ్లవెంట నడచు చిన్న బండ్లను, అనగా రోబోలను, పలుచోట్ల తయారుచేయుచున్నారు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాదులో మనిషి నడుపకయే నడచు బండ్లను, డ్రోనులను పరీక్షించుటకు ‘టిహాన్’ అను పరీక్షాక్షేత్రము 2022 జూలైలో ప్రారంభింపబడినది. ఇట్టి యంత్రములు నేడు గాకున్న రేపైనను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల చేలకు వచ్చును. కలుపు కాలమున కూలీలు దొరకక, మన పాలమూరు జనులే దూరదేశములకు పనులకు పోవుచుండగా, వాని అక్కరయు కలదు. అందుచేత అట్టి బండికి కన్నువంటిదైన దూరపు సెన్సారును ఎట్లు సరిచూడవలెనో ముందుగా తెలిసికొని యుండుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ప్రతిధ్వనితో దూరమును కొలుచుట

మేము మిషను పాఠశాలలో చదువుచున్న దినములలో ఉపాధ్యాయుడు మమ్ము ఊరిబయటి రాతిగుట్ట యెదుటికి తీసికొనిపోయి చప్పట్లు చరపించి, ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగివచ్చునో లెక్కింపుమనెడివారు. గుట్ట నూటడెబ్బది మీటర్ల దూరమున నున్నచో ధ్వని పోయి వచ్చుటకు ఇంచుమించుగా ఒక సెకండు పట్టును. కాలము తెలిసినచో దూరము తెలియునని మేము నేర్చిన మొదటి పాఠమదియే. గోలకొండ కోటకు పోయినవారు ఫతే దర్వాజా కడ చరచిన చప్పట్లు బాలాహిస్సారు మీద వినబడుటను ఎరుగుదురు. ధ్వని తనకు తగులు గోడలనుబట్టి ఎట్లు నడచునో ఆ కోట కట్టినవారికి బాగుగా తెలియును.

మనకంటె ముందు ఈ విద్యను నేర్చినది గబ్బిలము. కన్నులు కనబడకున్నను గబ్బిలము అడ్డులను తప్పించుకొని పోవుటను ఇటలీదేశపు స్పల్లాంజాని 1790 దశకములో గమనించెను. దానికి కారణమును అమెరికాలో గ్రిఫిన్, గలాంబోస్ అను వారు 1940 ప్రాంతమున తేల్చిరి. గబ్బిలము మనకు వినబడనంత సన్నని కూతలు కూసి, వాని ప్రతిధ్వనులను విని దారి తెలిసికొనునని వారు నిరూపించిరి. మనిషి చెవికి సెకండునకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వని వినబడదు. అట్టి ధ్వనులనే అతిధ్వనులని శాస్త్రపుస్తకములలో వ్రాయుదురు. 1978లో పోలరాయిడ్ కంపెనీవారు తమ కెమెరాలో ఎదుటివస్తువు దూరమును తెలిసికొనుటకు అతిధ్వని సెన్సారును అమర్చిరి. తరువాత ఆ సెన్సారునే రోబోలు చేయువారు తీసికొని తమ బండ్లకు తగిలించిరి. రోబోకు చెవియే కన్నైన విధమిది.

నేడు విద్యార్థులు విరివిగా వాడు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అను సెన్సారు రెండువందల రూపాయలలోపే దొరకుచున్నది. దానికి రెండు గుండ్రని డబ్బీలవంటి భాగములుండును. ఒకటి సెకండునకు నలుబదివేల కంపనములుగల ధ్వనిని ఎనిమిది అలలుగా పంపును. రెండవది ప్రతిధ్వనిని వినును. 2 సెంటీమీటర్లు మొదలు 400 సెంటీమీటర్ల వరకు కొలువగలదని తయారుచేయువారు చెప్పుదురు. నీరు తగిలినను చెడని రకములు వేరుగా కలవు. అయితే అవి సుమారు 20 సెంటీమీటర్లకు లోపలనున్న వస్తువును సరిగా చూడజాలవు.

ఒక్క సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ సెన్సారు దూరమును కొలుచుట లేదు. కాలమును మాత్రమే కొలుచుచున్నది. ఆ కాలమును ధ్వనివేగముతో గుణించి, పోక రాక రెండు గనుక సగముచేసి, దూరమని మనకు చెప్పుచున్నది. వేగము తప్పుగా చెప్పియున్నచో దూరమును తప్పే యగును.

మేము చేసిన పొరపాటు

వనపర్తి సమీపమున నొక గ్రామములో రైతులకు చూపుటకై మేము అట్టి చిన్నబండి నొకదానిని సిద్ధపరచితిమి. ఉదయము వేపచెట్టు నీడలో చెక్కపలక నొకదానిని నిలిపి, టేపుతో కొలిచి, సెన్సారు చెప్పిన దూరముతో పోల్చితిమి. ఒక్క సెంటీమీటరైనను తేడా లేదు. మేమును సంతోషించితిమి, చూడవచ్చినవారును సంతోషించిరి.

మధ్యాహ్నము బండిని ప్రత్తిచేనిలోనికి తీసికొనిపోతిమి. సాలు చివర ఏరిన ప్రత్తిని గుడ్డలో మూటకట్టి యెవరో పెట్టియుండిరి. బండి ఆ మూటను చూచి ఆగవలెను. ఆగలేదు. నేరుగా పోయి మూటను గ్రుద్ది, చక్రము దానిపైకి ఎక్కగా ఒరిగి నిలిచినది. అప్పటివరకు సెన్సారు వ్రాసిన సంఖ్యలను తీసి చూడగా, “ఎదుట ఏమియు లేదు” అనియే అది తుదివరకు చెప్పుచువచ్చినది.

చూచినవారిలో కొందరు నవ్విరి. ఒక ముసలమ్మ మాత్రము నవ్వక, “మూట గాబట్టి సరిపోయె బిడ్డా, ఆడ మనిషి కూసుంటే?” అని యడిగినది. మాకు జవాబు తోచలేదు. తప్పు యంత్రముది కాదు, మాది. చెక్కపలకను చూడగలుగుట చేతనే అది ప్రత్తిమూటను కూడ చూడగలదని మేమే అనుకొంటిమి. ఆమె ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

గద్వాల ప్రాంతపు ప్రత్తి విత్తనోత్పత్తి చేలలో పని యెట్లు జరుగునో ఈ పత్రిక చదువువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. సాయంకాలము ఆడసాళ్లలోని మొగ్గలనుండి మగభాగములను గోటితో తీసివేయుదురు. మరునాటి ఉదయము మగసాళ్ల పూవులతో వానికి పుప్పొడి తాకింతురు. ఈ పనియంతయు చేతులతోనే జరుగును. నూలుబట్టలు కట్టుకొన్నవారు గుబురైన మొక్కల నడుమ వంగియు కూర్చుండియు నుందురు. అట్టి చేనిలో నడువవలసిన బండికి కన్ను సరిగా నుండుట వేడుక కొరకు గాదు.

ఎండవలన వచ్చు తేడా

సెన్సారు తప్పులు మూడు విధములు. మొదటిది ఎండవలన వచ్చునది. వేడిగాలిలో ధ్వని వేగముగా పోవును. సున్న డిగ్రీలవద్ద సెకండునకు సుమారు 331 మీటర్లు. ఆపైన డిగ్రీ యొకటికి 0.6 మీటరు చొప్పున పెరుగును. 20 డిగ్రీలవద్ద 343 మీటర్లు, 40 డిగ్రీలవద్ద 355 మీటర్లకు పైగా అగును. సాధారణముగా ఈ సెన్సారులకు 20 డిగ్రీల వేగమునే నేర్పి యుంతురు. మన పాలమూరు వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటుట ఎరిగినదే గదా! అప్పుడు 200 సెంటీమీటర్ల దూరమున నున్న పలకను ఈ సెన్సారు 193 అని చెప్పును. చలికాలపు ఉదయము 15 డిగ్రీల చలిలో అదే పలకను సుమారు 201.7 అని చెప్పును. పలక కదలలేదు, సెన్సారు కదలలేదు, గాలి మారినది. గాలిలోని తేమవలన గూడ కొంత మార్పు కలుగును గాని, వేడిమివలన కలుగునంత కలుగదు.

దీనికి మందు సులభము. గాలి వేడిమిని కొలిచి ఆ వేడిమికి తగిన వేగమును బండికి చెప్పవలెను. అయితే ఇందు ఒక మెలకువ కలదు. కొందరు వేడిమిని కొలుచు సాధనమును బండిపెట్టె లోపల అమర్చుదురు. ఎండలో నిలిచిన పెట్టె లోపల వేడిమి 55 డిగ్రీలైనను, బయటి గాలి 40 డిగ్రీలే యుండవచ్చును. ధ్వని పోవునది బయటి గాలిలోగాని పెట్టెలో గాదు. పెట్టె వేడిమినిబట్టి సవరించినచో 200 సెంటీమీటర్లు 205గా మారును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును. కాబట్టి సాధనమును నీడపట్టున, గాలి తగులుచోట ఉంచవలెను.

అంతకంటెను తేలికైన ఉపాయము మరియొకటి కలదు. బండి ముందుభాగమున, తెలిసిన దూరములో చిన్న రేకును నిలిపి, మరియొక సెన్సారు దానినే ఎల్లప్పుడు చూచునట్లు చేయవచ్చును. ఆ రేకు దూరము మారదు గనుక, సెన్సారు చెప్పు సంఖ్యలో వచ్చిన మార్పంతయు గాలిదే యగును. ఇది బండి తనవెంట పడికట్టు రాయిని మోసికొనిపోవుటవంటిది.

సరిచూచు విధము

రెండవ తప్పు అమరికవలన వచ్చునది. సెన్సారు బండి అంచునకు ఒక సెంటీమీటరు లోపల బిగింపబడినచో ప్రతి కొలతలోను ఆ యొక సెంటీమీటరు చేరును. ఎండ తప్పు దూరముతోపాటు పెరుగును. అమరిక తప్పు ఎంతదూరమునకైనను ఒక్కటే. ఈ రెంటిని ఒకేసారి కనుగొనుటకు ఈ క్రింది విధమును అనుసరింపవచ్చును.

కావలసినవి: ఇనుపటేపు, రెండడుగుల చదరపు నున్నని చెక్కపలక, నీడలో వ్రేలాడదీసిన థర్మామీటరు, గళ్ల కాగితము, ఒక పుస్తకము.

సెన్సారును నేలకు కనీసము రెండడుగుల ఎత్తున నుంచవలెను. ఏలయన, ఈ ధ్వని సన్నని దారమువలె పోదు, పోనుపోను విప్పారును. విప్పారుట మొత్తముమీద 15 డిగ్రీలనుకొన్నను, రెండు మీటర్ల దూరమున అది అరమీటరు వెడల్పు ఆక్రమించును. క్రిందుగా బిగించినచో పలకకు ముందే బోదెయో, మట్టిగడ్డయో తగిలి దానినే పలకయని చెప్పును.

పలకను బండి అంచునుండి 50, 100, 200, 300 సెంటీమీటర్ల దూరములలో క్రమముగా నిలుపవలెను. పలక సెన్సారునకు ఎదురుగా, నిటారుగా ఉండవలెను. ఒక్కొక్కచోట ఇరువది కొలతలు తీసి, వరుసగా పేర్చి, నడిమి సంఖ్యను గ్రహింపవలెను. సగటు తీయరాదు. ఇరువదింటిలో ఒక్కటి మాత్రము పెడగా పోయి 400 అని చెప్పినను, సగటు చెడిపోవును. నడిమి సంఖ్య చెడదు. కొలతకు కొలతకు నడుమ 60 మిల్లీసెకండ్లైనను విడువవలెను. లేనిచో మొదటి ధ్వనికి ఆలస్యముగా వచ్చిన ప్రతిధ్వనిని రెండవదానిదిగా భ్రమించును. రెండు మూడు సెన్సారులున్న బండిలో అన్నిటిని ఒక్కసారి కూయనీయక, ఒకదాని తరువాత ఒకదానిని కూయింపవలెను.

ఉదాహరణమునకు, 40 డిగ్రీల వేడిమిలో, పైన చెప్పిన యొక సెంటీమీటరు అమరిక తేడాతో, ఈ విధముగ సంఖ్యలు వచ్చును: 50కి 49.2, 100కి 97.5, 200కి 194, 300కి 290.4. వీనిని గళ్ల కాగితముపై గుర్తించినచో ఒకే సరళరేఖపై పడును. 50 నుండి 300 వరకు నిజదూరము 250 పెరుగగా, సెన్సారు సంఖ్య 241.2 మాత్రమే పెరిగినది. 241.2ను 250చే భాగించిన 0.965 వచ్చును. ఇది ఎండ తప్పు. 50కి రావలసినది ఈ లెక్కచొప్పున 48.2, వచ్చినది 49.2, కావున మిగిలిన ఒకటి అమరిక తప్పు. ఇకమీదట సెన్సారు చెప్పిన సంఖ్యలోనుండి 1 తీసివేసి 0.965చే భాగించినచో నిజదూరము వచ్చును.

ఇక్కడ ఆగరాదు. లెక్కకు వాడని దూరమును ఒకదానిని, 150 అనుకొందము, పరీక్షకై మిగుల్చుకొనవలెను. అక్కడ సెన్సారు 145.7 చెప్పినచో మన లెక్కచొప్పున 150 వచ్చును. రానిచో ఎక్కడనో పొరపాటున్నది, మరల చేయవలెను. పాఠము చెప్పిన లెక్కనే పరీక్షలో ఇచ్చిన, పిల్లవానికి వచ్చినదో రానిదో తెలియదు గదా!

ఈ పనిని తెల్లవారుజామున నొకసారి, మధ్యాహ్నము రెండు గంటలకు నొకసారి చేయుట ఉత్తమము. వేడిమికి తగిన వేగమును బండి సరిగా మార్చుకొనుచున్నచో రెండు వేళలందును ఒకే దూరము వచ్చును.

తిరిగిరాని ధ్వని

మొదటి రెండు తప్పులు లెక్కకు లొంగునవి. మూడవది లొంగదు. మా బండిని మూటపైకి ఎక్కించినదియు అదియే.

ఈ సెన్సారు పంపు ధ్వనిలో ఒక్కొక్క అల పొడవు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించుగా వేరుసెనగ గింజ వెడల్పు. దానికంటె మిక్కిలి నున్ననైన వస్తువు ఈ ధ్వనికి అద్దమువంటిది. ఎదురుగానున్న రేకు ధ్వనిని చక్కగా తిప్పి పంపును. అదే రేకు ఏటవాలుగా నున్నచో ధ్వనియంతయు ప్రక్కకు జారిపోయి సెన్సారునకు ఏమియు వినబడదు. దున్నిన రేగడి గడ్డలు ధ్వనిని నలువైపులకు చెదరగొట్టును గనుక, బలహీనముగానైనను కొంత తిరిగివచ్చును. ప్రత్తి, నూలుబట్ట, గోనె వంటి మెత్తని వస్తువులు ధ్వనిని చాలవరకు మ్రింగివేయును. ఆముదపు వెడల్పాటి ఆకు ఎదురుగా నున్నప్పుడు కనబడును. కంది సన్నని ఆకు ఒకసారి కనబడి మరియొకసారి కనబడకుండును. మా ప్రత్తిమూట మెత్తనిది, దాని ప్రక్కలు వాలుగా నున్నవి. మ్రింగినది కొంత, జారినది కొంత, తిరిగివచ్చినది లేదు.

కాబట్టి పలకతో సరిచూచిన పిమ్మట రెండవ పట్టిక నొకదానిని వ్రాయవలెను. ఇందు దూరములతో పనిలేదు. చెక్కపలక, వాల్చిన పలక, ప్రత్తిచెట్టు, కందిచెట్టు, గోనెసంచి, ప్రత్తిమూట, నూలుబట్ట చుట్టిన దిష్టిబొమ్మ, వీనిని ఒక్కొక్కటిగా మీటరు, రెండు మీటర్ల దూరములలో నిలిపి, ఇరువదిసార్లు ధ్వని పంపగా ఎన్నిసార్లు జవాబు వచ్చెనో మాత్రము వ్రాయవలెను. ఇరువదికి ఇరువది వచ్చిన వస్తువును యంత్రము చూచుచున్నదని నమ్మవచ్చును. సగము మాత్రమే వచ్చినచోట యంత్రము సగము గ్రుడ్డిది. ఈ పట్టిక లేని యంత్రమును, మొదటి పట్టిక ఎంత చక్కగా నున్నను, మనుష్యులున్న చేనిలోనికి విడువరాదు.

ఇందుండి వచ్చు నియమము ఒక్కటే. ప్రతిధ్వని రాకపోవుట అడ్డు లేకపోవుట కాదు. “ఏమియు వినబడలేదు” అని సెన్సారు చెప్పినప్పుడు బండి “దారి తెరపి” యని పోరాదు. ఆగవలెను, లేదా మరియొక సాధనముతో చూచుకొనవలెను. ముందుభాగమున తాకినంతనే చక్రములను ఆపు స్ప్రింగు బద్ద యొకటి, చేతికందుచోట ఎర్రని ఆపుమీట యొకటి తప్పక ఉండవలెను. ఆగుటకు పట్టు దూరమునుగూడ లెక్కింపవలెను. సెకండునకు అరమీటరు నడచు బండి, 60 మిల్లీసెకండ్లకు ఒకటి చొప్పున ఐదు కొలతలు తీసి నిర్ణయించుకొనులోపలనే 15 సెంటీమీటర్లు ముందుకు పోయియుండును. చక్రములు ఆగు దూరము దానికి అదనము.

మరునాడు మేము ఆ మూటనే మరల సాలులో పెట్టి, జవాబు రానిచో ఆగునట్లు బండికి నేర్పి నడిపితిమి. బండి పలుమారులు అకారణముగా ఆగినది, పని ఆలస్యమైనది, కాని మూటను తాకలేదు. ఆలస్యమును ఓర్చుకొనవచ్చును.

సంఘములు చేయదగిన పని

నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువంటి చోట్ల, వేరుదేశమున బాగుగా పండిన వంగడమునైనను మన నేలలో, మన వానలో పండించి చూచినగాని రైతుకు సిఫారసు చేయరు. యంత్రమునకు మాత్రము ఆ మర్యాద యెందుకు తప్పవలెను? ఇరువది డిగ్రీల చల్లని గదిలో, తెల్లని గోడ యెదుట సరియైన సెన్సారు మన చల్కలో, మన ఎండలో, మన ప్రత్తిలో సరియైనదో కాదో మనమే చూడవలెను.

ఇది ఒక్కొక్క రైతు వేరువేరుగా చేయుటకంటె సంఘము చేయుట చవుక. పలక, టేపు, థర్మామీటరు, దిష్టిబొమ్మ, అన్నిటికి అయ్యెడు ఖర్చు మిక్కిలి స్వల్పము. సంఘపు కాంటా ప్రక్కన వానికి కొంత చోటును, ఒక పుస్తకమును ఏర్పరచిన చాలును. యంత్రమును అద్దెకిచ్చు దినమున ఉదయముననే సరిచూచి, తేది, వేడిమి, వచ్చిన సంఖ్యలు, సరిచూచినవారి సంతకము వ్రాయవలెను. అమ్మవచ్చినవారిని మాటలతో కాక, మన చేనిలో, మన మధ్యాహ్నమున, మన ప్రత్తిమూట యెదుట యంత్రమును నడిపి చూపుమనవలెను. మంచి సరకు అమ్మువారు దీనికి వెనుదీయరు. డ్రోనులు అద్దెకు తీసికొనువారును ఇదే జాగ్రత్త వహింపవలెను. వానిలో కొన్ని ఎత్తును రాడారుతో కొలుచుకొనును. సాధనము వేరైనను సరిచూచు ధర్మము ఒక్కటే. మందు చల్లునప్పుడు ఎత్తు పెరిగినచో మందు గాలికి పోయి పొరుగుచేనిపై పడును. తగ్గినచో ఒకేచోట ఎక్కువ పడును.

యంత్రములకు భయపడవలసిన పనిలేదు. మ్రొక్కవలసిన పనియు లేదు. పడికట్టు రాయి పెట్టి చూచిన పిమ్మట కాంటాను నమ్మినట్లు, సరిచూచిన పిమ్మట వీనిని నమ్ముదము. నమ్మకమునకు ముందు ఆ ముసలమ్మ యడిగిన ప్రశ్నను మాత్రము ప్రతి యంత్రమును అడుగుదము: అక్కడ మనిషి కూర్చుండియున్న యెడల నీకు కనబడునా?